తుపాను రోజున ఓడలో కొలువు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు మా ఊరు పెదపారుపూడిలో అందరి చూపూ మబ్బు మీదే. కుప్ప వేసినవాళ్లు పరదాలు కప్పి తాళ్లు బిగిస్తున్నారు. ఆ సందడిలో పక్కింటి అబ్బాయి గుర్తొచ్చాడు. విదేశీ విహారనౌకలో భోజనాల హాల్లో పనిచేస్తాడు.

గాలి ముదిరితే కెప్టెన్ రేవు మార్చేస్తాడట, లేదా ఆ రేవే మానేస్తాడట. ఊరు చూడాలనుకున్న ప్రయాణికులంతా ఓడలోనే ఉండిపోతారు. ఇక హాలు పొద్దస్తమానం నిండుగానే. “బాబాయ్, బల్లల మీద గుడ్డలు తడిపి పరుస్తాం. తడిగుడ్డ మీద పళ్లెం జారదు” అన్నాడోసారి. తన కడుపులో తిప్పుతున్నా, ఎదుటి పెద్దావిడకి సూప్ గిన్నె తొణక్కుండా అందించాలి. రేవులో దిగి అమ్మతో తీరిగ్గా మాట్లాడదామనుకున్న గంట కాస్తా పోతుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరవని ప్రాంతం మాది. బిడ్డను సముద్రం మీదికి పంపడం ఇక్కడి తల్లికి చిన్న విషయం కాదు. వాడి ఓడ ఎక్కడో వేరే సముద్రంలో ఉన్నా, మిచౌంగ్ తీరం దాటే ముందు రాత్రి వాళ్లమ్మ కునుకు తీయలేదు. తెల్లారాక వాడి మెసేజ్ వచ్చింది: “ఇక్కడా గాలే, రేవు మారింది. కుప్ప తడిసిందా అమ్మా?”