చెయ్యి ఆపుకొను కాలము

ధ్యాన భాగములు: ఆదికాండము 1:20–22, ద్వితీయోపదేశకాండము 22:6, 7



పరిశుద్ధ గ్రంథములో దేవుడిచ్చిన మొట్టమొదటి ఆశీర్వాదము ఎవరికి దక్కినదని అడిగినయెడల మనలో అనేకులము ఆదామునకని చెప్పుదుము. కొందరు అబ్రాహామునకని చెప్పుదురు. అయితే ఆదికాండము మొదటి అధ్యాయమును నిదానముగా చదివి చూడుడి. ఆ ఆశీర్వాదము అయిదవ దినమున, నరుడు ఇంకను సృజింపబడకమునుపే, నీళ్లలోని చేపలకును ఆకాశమందలి పక్షులకును దక్కినది. అవి పిల్లలను పెట్టి, పెరిగి, నీళ్లంతట నిండియుండవలెనని దేవుడు కోరెను. చేపలమీద మనకు అధికారమిచ్చినది ఆ తరువాతనే. ఆశీర్వాదము ముందు, అధికారము వెనుక. ఈ వరుసను మనస్సున నుంచుకొని, ఈ నెల మన ధ్యానమునకు దూరదేశపు చేప నొకదానిని సాదృశ్యముగా తీసికొందము.

అమెరికా దేశపు ఉత్తర రాష్ట్రములలోను, దాని పొరుగున నున్న కెనడాలోను మంచినీటి సరస్సులు విస్తారముగా నున్నవి. ఆ నీళ్లలో మస్కెలంజ్ అను పెద్ద చేప యున్నది. జనులు దానిని ముద్దుగా మస్కీ అందురు. ఆ పేరు అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే జనుల భాషనుండి వచ్చినది. మన చెరువులలో కొరమీను నాచు చాటున పొంచియుండి చిన్న చేపలను పట్టునట్లే ఇదియు పట్టును. అయితే దీని మూతి పొడవైనది, పండ్లు కత్తులవంటివి, పెరిగినది నాలుగైదడుగుల పొడవుండును.

ఈ చేప అంత సులభముగా దొరకదు. ఒక్క మస్కీ చిక్కవలెనన్న పదివేల మారులు గాలము విసరవలెనని అక్కడివారు సామెతగా చెప్పుకొందురు. తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు పడవలో నిలువబడి, చెక్కతోను లోహముతోను చేసిన ఎరను విసరుచు లాగుచు నుందురు. మస్కీ యొకొక్కప్పుడు ఎర వెంట పడవ ప్రక్కకు వచ్చియు నోరు తెరవదు. అందుచేత నేర్పరియైనవాడు ఎర దగ్గరకు వచ్చినదని వెంటనే పైకెత్తడు. గాలపు కఱ్ఱ కొనను నీటిలోనికి దించి, 8 అంకె వ్రాసినట్లు ఎరను త్రిప్పును. అనేక దినములు ఇట్లు పాటుపడి వట్టి చేతులతో ఇంటికి పోవువారే ఎక్కువ.

ఇంత పాటుపడి పట్టవలసిన చేపకు కాలనియమమొకటి యున్నది. మినసోటా రాష్ట్రములో జూన్ నెల మొదటి శనివారము వచ్చువరకు మస్కీని పట్టి యుంచుకొనరాదు. ఎందుకనగా శీతకాలమంతయు గడ్డకట్టియున్న సరస్సు కరగిన పిమ్మట, వసంతకాలమందే ఆ చేప లోతులేని రేవులలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టును. అది గూడు కట్టదు, గ్రుడ్లకు కావలి యుండదు. వాటిలో బ్రదికి పెద్దవగునవి బహు కొద్ది. ఆడ మస్కీ గ్రుడ్లు పెట్టు ప్రాయమునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. ఒడ్డుకు దగ్గరగా, పట్టుటకు సులభముగా కనబడు ఆ దినములలోనే దానిని విడిచిపెట్టుమని చట్టము చెప్పుచున్నది.

కాలనియమముతోకూడ కొలత నియమమును కలదు. 2015వ సంవత్సరమునుండి ఆ రాష్ట్రములో చాల సరస్సులందు 54 అంగుళములకు తక్కువైన మస్కీని ఇంటికి తీసికొనిపోరాదు. మన లెక్కకు సరిగా మూడు మూరలు. మస్కీలలో మిక్కిలి పెద్దవి ఆడవే గనుక, తల్లిచేప పలుమారులు గ్రుడ్లు పెట్టువరకు ఈ కొలత దానిని కాచుచున్నది.

ఇప్పుడు ఆలోచించుడి. ఒకడు ఏండ్లు గడిపి, వేలమారులు విసరి, తుదకు ఒక మస్కీని పట్టెననుకొనుడి. కొలబద్ద పెట్టి చూడగా 53 అంగుళములు. సరస్సుమీద మరియొక పడవ లేదు, చూచువాడు లేడు. ఒక్క అంగుళము! ఆ ఘడియలో వాని చేతిని ఆపునదేది? అధికారి భయము కాదు, అధికారి అక్కడ లేడు. యోసేపు పోతీఫరు ఇంటిలో ఒంటరిగా నున్నప్పుడు దేని తలంపు వానిని కాపాడెనో అదే ఇక్కడను కాపాడవలెను. మనుష్యుడు చూడనిచోట దేవుడు చూచుచున్నాడు. చట్టము అడుగనిదానినికూడ కొందరు పాటింతురు. మండువేసవిలో సరస్సు నీరు 80 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు వేడెక్కినప్పుడు, పెనగులాడి అలసిన చేప విడిచినను బ్రదుకుట కష్టమని యెరిగి, తమంతట తామే గాలము దాచిపెట్టుదురు.

ఎల్లప్పుడు ఇట్లు లేదు. మినసోటాలో లీచ్ లేక్ అను సరస్సు లక్ష ఎకరములకు మించినది. 1955వ సంవత్సరము జూలై నెలలో, ఎన్నడు ఎరనంటని మస్కీలు అక్కడ ఆకలిగొన్నట్లు పైబడెను. కొద్దికాలములో నూటికి మించి పట్టుబడెను. జనులు వాటిని చంపి, వరుసగా వ్రేలాడగట్టి, ఛాయాచిత్రములు తీయించుకొని సంతోషించిరి. ఆనాటి వారికి అది పండుగ. అయితే 1966లో అదే రాష్ట్రమందలి సెయింట్ పాల్ నగరములో గిల్ హామ్ అనునతడు మస్కీస్ ఇంకార్పొరేటెడ్ అను సంఘమును స్థాపించెను. పట్టిన చేపను కొలిచి, సజీవముగా నీటిలోనికే విడిచిపెట్టుడని ఆ సంఘము బోధించుచు వచ్చినది. క్రమేణ ఆ అలవాటు వ్యాపించినది. తరువాత 1980 మొదలైన సంవత్సరములలో ఇతర సరస్సులకు మంచి జాతి చేపపిల్లలు కావలసినప్పుడు, రాష్ట్రపు మత్స్యశాఖవారు లీచ్ లేక్ మస్కీల జాతినే ఎన్నుకొనిరి. 1955లో దండెములకు వ్రేలాడినవి ఆ యేటితో ముగిసెను. నీటిలో మిగిలినవాటి సంతానము ఇప్పుడు అనేక సరస్సులలో ఈదులాడుచున్నది.

ఈ జ్ఞానము మోషే ధర్మశాస్త్రమునకు క్రొత్త కాదు. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలనైనను గ్రుడ్లనైనను తీసికొనవచ్చునుగాని తల్లిని వాటితోకూడ పట్టరాదని ద్వితీయోపదేశకాండము విధించుచున్నది. ఎంత చిన్న ఆజ్ఞ! అయినను తలిదండ్రులను సన్మానించువారికి దేవుడు వాగ్దానముచేసిన మేలును దీర్ఘాయువును ఈ చిన్న ఆజ్ఞకుకూడ జతచేసెను. దేవుడు తినవద్దనలేదు. పట్టవద్దనలేదు. మరుసటి యేటిని తినవద్దనెను.

మన రైతులకు దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. ఎంతటి కరవు వచ్చినను విత్తనపు గాదె జోలికి పోనివాడే సంసారి యని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. అయితే ధాన్యము విషయములో మనకున్న బుద్ధి తొలకరి వానకు వాగులో ఎదురెక్కు చేపల విషయములో ఏమైపోవుచున్నది? అవి నిండు సెనతో చెరువులోనికి పోవుచుండగా, కాలువకు అడ్డముగా వలకట్టి ఒక్కటియు తప్పిపోకుండ పట్టుచున్నాము. ఆ రాత్రి కూర రుచిగానే యుండును. వేసవికి చెరువు ఖాళీయగును.

తల్లిని పట్టుట చేపలతోనే ముగియదు. బాకీ తీరలేదని బీదవాని పాడియావును తోలుకొనిపోవువాడు తల్లిని పట్టినవాడే. అందుకే అదే గ్రంథము 24వ అధ్యాయములో, ఒకని తిరుగటిరాతిని తాకట్టు పట్టరాదని దేవుడు ఆజ్ఞాపించెను. అది వాని ప్రాణాధారము. కూలివాని కుమార్తెను బడి మాన్పించి పనిలో పెట్టుకొనువాడును రేపటి విత్తనమును నేడు తినువాడే. తీసికొనుటకు శక్తియు హక్కును కలిగియుండి, చెయ్యి ఆపుకొనువాడు ధన్యుడు.

ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. లీచ్ లేక్‌మీద వినోదమునకు గాలము వేయువాడు మస్కీని విడిచిపెట్టినను ఇంటికి పోయి కడుపునిండ తినును. మన సముద్రతీరమున నున్న సహోదరుల సంగతి అట్టిది కాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమున యంత్రపు పడవల వేట నిలిపివేయబడుచున్నది. ఆ దినములలో వల ఒడ్డున ఎండును. ప్రభుత్వ భృతి కొంత అందినను అది అందరికి సకాలమందు చాలదు. సముద్రము కొరకు చెయ్యి ఆపుకొన్నవాని పొయ్యి ఆరిపోకుండ చూచుట ఎవరి పని? మన సంఘములలో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టు మంచి ఆచారమున్నది. ఆ 61 దినముల పిడికెడు బియ్యము అట్టి ఇండ్లకు చేరినయెడల, వారు పాటించు నియమములో మనమును పాలివారమగుదుము. తాను తిని, ఆకలిగొన్నవానికి ఓర్పు బోధించుట క్రీస్తు మార్గము కాదు.

తిబెరియ సముద్రతీరమున జరిగినదానిని జ్ఞాపకము చేసికొనుడి. శిష్యులు రాత్రియంతయు కష్టపడి, తెల్లవారినప్పుడు ప్రభువు మాటచొప్పున వల వేసి నిండుగా పట్టిరి. అయితే వారు ఒడ్డున దిగినప్పుడు, తాము తెచ్చిన చేపలు ఇంకను వలలో నుండగానే, అక్కడ నిప్పులును వాటిమీద చేపయు రొట్టెయు సిద్ధముగా నుండెను. మన వల ఒడ్డు చేరకమునుపే మన భోజనమును సిద్ధపరచు ప్రభువు మనకున్నాడు. ఆయనను నమ్మినవాడే చేతిలోనున్నదానిని నీటిలోనికి విడువగలడు.

ప్రార్థన: నీళ్లలోని జీవులను మాకంటె ముందుగా ఆశీర్వదించిన తండ్రీ, తీసికొనుటకు మాకు బలమిచ్చితివి, ఆపుకొనుటకును బలమిమ్ము. నీ మాట విని చెయ్యి ఆపుకొన్న ప్రతి యింటిలో పొయ్యి వెలుగునట్లు మమ్మును వాడుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.