వద్దంటే ఆగేవాడు



ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుని మొదలుపెడతాను.

మా విచారణ హైదరాబాదు హైటెక్ సిటీకి దగ్గరలో ఉంది. ఆదివారం దివ్యపూజకు వచ్చేవారిలో చాలామంది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉంటూ కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే యువతీ యువకులే. వారిలో ఒక అమ్మాయి ఒక తపస్సు కాలంలో నాకు ఈమెయిల్ రాసింది. ఉద్యోగం పోయిందనీ, ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పలేదనీ, హాస్టల్లో తోటివారికి తెలియకూడదని రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయలుదేరి, మెట్రో రైల్లో అటూ ఇటూ తిరిగి సాయంత్రానికి గదికి చేరుతున్నాననీ రాసింది. ఒక్కసారి మీతో మాట్లాడాలి ఫాదర్ అని ముగించింది. మొత్తం నాలుగు వాక్యాలు. ఆ ఉత్తరాన్ని నేను చూసింది పంతొమ్మిది రోజుల తర్వాత.

వెంటనే ఫోన్ చేశాను. అప్పటికే గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయింది. "పర్లేదు ఫాదర్, మీరు బిజీగా ఉంటారులే అనుకున్నాను" అంది. ఇప్పుడామె క్షేమంగా ఉంది. ఆమె అనుమతితోనే, పేరూ ఊరూ చెప్పకుండా ఇది రాస్తున్నాను. కానీ ఆ "పర్లేదు" అన్న మాట మాత్రం నన్ను ఇంకా వదలలేదు. ఎందుకంటే నేను బిజీగా లేను. ఆమె ఉత్తరం మీద వందల కొద్దీ ప్రకటనలు వచ్చి పడ్డాయి, అంతే. ఇంటి అప్పు తీసుకోమని ఒకటి, సోఫాసెట్టు సగం ధరకేనని ఒకటి, కోకాపేటలో ఫ్లాటు చూడమని ఒకటి, ఎప్పుడో కొన్న చొక్కాకు జతగా ప్యాంటు కొనమని ఇంకొకటి. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. వీళ్లు అడగకుండానే, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా వడ్డిస్తారు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి నేను యువ గురువును. అప్పట్లో విచారణకు పోస్ట్‌మన్ రోజుకు రెండో మూడో ఉత్తరాలు తెచ్చేవాడు. వాటిలో ఏదీ తెరవకుండా ఉండేది కాదు. ఇప్పుడు వందలు వస్తున్నాయి. ఒక్కటీ సరిగా చదవడం లేదు.

ఈ బాధ మనదొక్కరిదే కాదు, కొత్తదీ కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే ఉద్యోగి తమ కంపెనీ తయారుచేసిన కంప్యూటర్లను చూడటానికి రమ్మని సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. కొందరు మండిపడ్డారు. కానీ కంప్యూటర్లు బాగానే అమ్ముడుపోయాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. పోస్టులో అయితే ప్రతి కవరుకూ స్టాంపు అంటించాలి. ఇక్కడ వెయ్యిమందికి పంపినా లక్షమందికి పంపినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. లక్షలో ఏ కొద్దిమంది కొన్నా లాభమే. మిగిలినవారి విసుగుకు ఎవరి లెక్కల పుస్తకంలోనూ చోటు లేదు.

ఇలాంటి ఉత్తరాలకు స్పామ్ అని పేరు. నిజానికి అది డబ్బాలో అమ్మే ఒక మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్య ఘట్టంలో, హోటల్లో దాదాపు ప్రతి వంటకంలోనూ స్పామ్ ఉంటుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ మాటనే పాటగా అందుకుని ఇతరుల మాట వినబడకుండా చేస్తారు. అక్కడి నుంచే ఈ పేరు వచ్చింది. చూశారా! ఈ జబ్బు అసలు లక్షణం పేరులోనే ఉంది. అది మన డబ్బు తీసుకోకపోవచ్చు. కానీ వినవలసిన మాటను వినబడనివ్వదు.

ఆ అమ్మాయితో మాట్లాడిన రాత్రే కూర్చుని ఒక్కొక్క ఉత్తరం కిందా వెతికాను. అన్నిటికన్నా అడుగున, బూడిద రంగులో, నా కళ్లద్దాలకు కూడా అందనంత చిన్న అక్షరాలతో "అన్‌సబ్‌స్క్రైబ్" అని ఉంటుంది. అంటే, ఇక పంపవద్దని చెప్పడం. పూర్వం ఏదైనా పత్రిక వద్దనుకుంటే చందా కట్టడం మానేస్తే సరిపోయేది. దీనికి అలా కాదు. నొక్కగానే ఒకచోట పాస్‌వర్డ్ అడిగారు. ఒకచోట ఎందుకు వద్దో కారణం రాయమన్నారు. ఇంకొకచోట కన్నీళ్లు కారుస్తున్న బొమ్మ వేసి, నిజంగానే మమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నారా అని అడిగారు. ఉండిపోతాను అనే మీట పెద్దదిగా, ఆకుపచ్చగా ఉంది. వెళ్తాను అనేది ఎక్కడో మూలన ఉంది. చేరేటప్పుడు ఇవేవీ లేవు. బిల్లు కౌంటరు దగ్గర అడిగితే చెప్పేశాం, లక్కీ డ్రా చీటీ మీద రాసిచ్చేశాం, అంతే.

ఆ కన్నీటి బొమ్మను చూసినప్పుడు, గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేము పాఠంగా విన్న పునీత అగస్తీను గారి "ఆత్మకథనం" ఎనిమిదో భాగం గుర్తుకొచ్చింది. అది 386వ సంవత్సరం. మిలాను నగరంలో ఒక తోట. పాత జీవితాన్ని వదిలిపెట్టాలని అగస్తీను నిశ్చయించుకున్నాడు. కానీ పాత అలవాట్లు వెనకనుంచి ఆయన వస్త్రం పట్టుకుని లాగి, మమ్మల్ని పంపించేస్తున్నావా, ఇక ఎన్నటికీ మన కలయిక ఉండదా అని చెవిలో గుసగుసలాడాయట. పదహారు వందల ఏళ్లనాటి ఆ గుసగుసే ఈనాటి కంప్యూటర్ తెర మీద బొమ్మై కూర్చుంది!

అగస్తీను అక్కడే ఇంకొక లోతైన సంగతి చెబుతాడు. మనసు చేతిని కదలమంటే చెయ్యి కదులుతుంది. కానీ మనసు తనకు తాను ఆజ్ఞ ఇచ్చుకుంటే మాత్రం ఎదురుతిరుగుతుంది. కారణం, అది పూర్తిగా కోరుకోవడం లేదు. సగం వద్దంటుంది, సగం కావాలంటుంది. ఆ రాత్రి నాకూ అదే జరిగింది. సోఫాలవాళ్లనూ ఫ్లాట్లవాళ్లనూ గబగబా వదిలించుకున్నాను. ఒక పుస్తకాల దుకాణంవారి ఉత్తరం దగ్గరకు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఎప్పుడైనా మంచి పుస్తకం తక్కువ ధరకు దొరుకుతుందేమో! ఇంతకాలంగా నేను తిట్టుకుంటున్న ఆ పిలవని పేరంటాళ్లలో కొందరికి లోపలినుంచి గొళ్లెం తీసింది నేనే.

మీరు మీ హృదయాన్ని పరిశోధించుకోండి. మనం వదలలేని పాత స్నేహం, మానలేని తాగుడు, సెల్‌ఫోనులో రహస్యంగా చూసేవి, పక్కవారి మీద చెప్పుకునే చాడీలు, ఇవన్నీ మనకు తెలియకుండా వచ్చినవేనా? జ్ఞానస్నానం నాడు మన తరఫున తల్లిదండ్రులూ జ్ఞాన తల్లిదండ్రులూ పిశాచాన్ని, దాని పనులను విడనాడామని చెప్పారు. ప్రతి పాస్కా జాగరణలో కొవ్వొత్తి చేతబట్టి మనమూ చెబుతున్నాం. ఆ ఒక్క మాటను శ్రీసభ మనచేత మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పిస్తుంది? మన "వద్దు" సగం వద్దు అని ఆ తల్లికి తెలుసు గనుక.

ఇప్పుడు యేసుప్రభువు వైపు చూడండి. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో, జీవాహారాన్ని గురించిన ప్రభువు బోధ కఠినంగా ఉందని చాలామంది శిష్యులు ఆయనను విడిచి వెళ్లిపోయారు. ప్రభువు దారికి అడ్డం నిలబడలేదు. బోధను తేలిక చేసి బేరమాడలేదు. పన్నెండుమంది వైపు తిరిగి, మీరు కూడా వెళ్లిపోతారా అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఎత్తుగడ లేదు. నిజంగా వెళ్లగలిగిన మనిషిని అడిగిన ప్రశ్న అది. తప్పిపోయిన కుమారుని తండ్రి కూడా అంతే. ఆస్తిలో వాటా పంచి ఇచ్చాడు, కొడుకును వెళ్లనిచ్చాడు. కానీ కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూశాడు, పరుగెత్తుకుంటూ ఎదురు వెళ్లాడు.

మన వస్తువు కావాలనుకునేవాడు బయటికి పోయే తలుపును దాచిపెడతాడు. మనల్ని ప్రేమించేవాడు ఆ తలుపును తెరిచే ఉంచుతాడు. సర్వశక్తిమంతుడైన దేవుడు మన "వద్దు"ను కూడా గౌరవిస్తాడు. మన స్వేచ్ఛ ఆయన ఇచ్చిన వరమే కనుక. దర్శన గ్రంథం మూడో అధ్యాయంలో ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడు. బద్దలు కొట్టడం లేదు. లోపల వంద అరుపుల మధ్య మనకు ఆ చప్పుడు వినబడటం లేదు.

ఇక్కడ మన యువతీ యువకులతో ఒక మాట. ఇలాంటి ఉత్తరాలు రాసేవారు, ఆ పేజీలు తయారుచేసేవారు మన విచారణల్లోనే ఉన్నారు. మీ ఉద్యోగాన్ని నేను తప్పుపట్టడం లేదు. నిజాయితీగా అమ్మడం పాపం కాదు. అయితే "అవును" అంటే అవును, "కాదు" అంటే కాదు అన్నట్టు మన మాట ఉండాలని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ప్రభువు నేర్పాడు. తలుపును దాచిపెట్టడం అబద్ధమాడటమే. దేశ చట్టం కూడా ఇదే దారిలో నడుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో దాన్ని వెనక్కి తీసుకోవడమూ అంత సులభంగా ఉండాలని చెబుతోంది. అదే ఏడాది నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు ఎత్తుగడలను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. చందా నుంచి బయటపడనివ్వకపోవడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం వాటిలో ఉన్నాయి. కాబట్టి ఈసారి ఆత్మపరిశోధన చేసుకునేటప్పుడు ఈ ప్రశ్న కూడా వేసుకోండి: "నేను కట్టిన తలుపు గుండా మా అమ్మ ఒంటరిగా బయటికి రాగలదా?"

కుటుంబాలవారికి కొన్ని సంగతులు. మీకు తెలిసిన దుకాణమైతే ధైర్యంగా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ఎవరో తెలియని ఉత్తరమైతే అందులో దేన్నీ నొక్కకండి. నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది. దాన్ని స్పామ్ అని గుర్తుపెట్టి వదిలేయండి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపే వ్యాపారులు ఒక్క నొక్కుతో మానుకునే వీలు కల్పించాలని గూగుల్ నియమం పెట్టింది. ఆ మీట ఉత్తరం పైభాగంలో, పంపినవారి పేరు పక్కన కనబడుతుంది. ప్రకటనల ఫోన్లు, ఎస్ఎంఎస్‌లు వద్దనుకుంటే 1909కు చెప్పవచ్చు. అది ఈమెయిళ్లకు వర్తించదు. ఎవరికీ ఓటీపీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లను ఒక ఆదివారం సాయంత్రం పిల్లలు పక్కన కూర్చుని ఓపికగా శుభ్రం చేసిపెట్టండి. తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞ ఇక్కడ కూడా నెరవేరుతుంది.

అయితే శుభ్రం చేయడంతో పని అయిపోదు. లూకా సువార్త పదకొండో అధ్యాయంలో ప్రభువు ఒక హెచ్చరిక చేశాడు. వెళ్లిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి, ఇల్లు ఊడ్చి సర్ది ఉండటం చూసి, తనకన్నా చెడ్డవైన మరో ఏడింటిని వెంటబెట్టుకుని వస్తుందట. ఖాళీ ఇల్లు ఖాళీగా ఉండదు. నా పెట్టె కూడా అంతే. ఒక రాత్రంతా కూర్చుని తుడిచేస్తే నెల తిరక్కుండా మళ్లీ నిండింది. అప్పుడు అర్థమైంది, వద్దనడం సగం పనేనని. ఎవరికి చోటివ్వడానికి వద్దంటున్నామో అది మిగతా సగం. ఇప్పుడు రోజూ సాయంకాల ప్రార్థనకు ముందు పది నిమిషాలు మనుషులు రాసిన ఉత్తరాలకే కేటాయించాను. ముందు వాటికి జవాబు రాస్తాను. మిగిలినవి ఉంటే ఉంటాయి, పోతే పోతాయి.

మీ ఇంట్లో కూడా నాలుగు వాక్యాలు చెప్పాలని ఎదురుచూస్తున్నవారు ఎవరో ఉండవచ్చు. పరీక్ష తప్పిన కొడుకు కావచ్చు, అత్తవారింట ఏడుస్తున్న కూతురు కావచ్చు, పక్క గదిలో దగ్గుతున్న నాన్నగారు కావచ్చు. వాళ్లు రెండోసారి అడగకపోవచ్చు. మీరు బిజీగా ఉంటారులే అనుకుని ఊరుకోవచ్చు. ఈ పత్రిక పక్కన పెట్టగానే ఒకసారి వెళ్లి వారి దగ్గర కూర్చోండి.

ప్రభువా, వదలవలసినవాటిని పూర్తి మనసుతో వదిలే బలం మాకివ్వండి. మా "వద్దు"ను కూడా ఓర్చుకుని తలుపు దగ్గర నిలిచి ఉన్న మీ చప్పుడును, మీ బిడ్డల గొంతులో మిమ్మల్ని వినే చెవులను మాకు దయచేయండి. ఆమెన్.