నొప్పిలేని చీకటి

వృద్ధుడైన ఇస్సాకు కన్నులు మందగించినందున ఎదుటనున్నది ఏ కుమారుడో గుర్తింపలేకపోయెను. ఆయనకు వైద్యము లేదు, మనకు కలదు.

మన సంఘములో వాక్యము చదువు పెద్ద ఒకరు పదేండ్లుగా చక్కెర వ్యాధి గలవారు. కన్నులు చూపించుకొనుమని మేము చెప్పినప్పుడెల్ల, "నొప్పి లేదు గదా అయ్యగారూ!" అనెడివారు. నొప్పి యుండదు, అదే మోసము. చక్కెర హెచ్చి, కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళములు చెడుచున్నను చాలకాలము చూపు బాగుగానే యుండును. ఒక ఆదివారము ఆయనకు అక్షరములపై నల్లని మరకలు తేలినవి. లేజరు చికిత్స మిగిలిన చూపును కాపాడినది, పోయినది రాలేదు. మేము మరింత గట్టిగా చెప్పవలసినది.

చక్కెర వ్యాధి గలవారు ఏటేట కంటిలో చుక్కలు వేయించుకొని పరీక్ష చేయించుకొనుడి. చుక్కల తరువాత కొన్ని గంటలు చూపు మసకగా నుండును. తోడు తీసికొని పోవలెను. తోడు లేనివారితో మేము వచ్చెదము.