ఆతిథ్యము – అద్దె

అతిథి యనగా తిథి లేనివాడు. రాకను ముందుగా తెలుపక, ఆకలితోనో అలసటతోనో గడప ముందు వచ్చి నిలుచువాడు. అట్టివానిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు, విద్య ముగించుకొని ఇల్లు చేరబోవు శిష్యుని ఆజ్ఞాపించినది. గృహస్థుడు ఆచరింపవలసిన పంచమహాయజ్ఞములలో అతిథిపూజయే మనుష్యయజ్ఞము.

నేడు వేరొక విధమైన అతిథి బయలుదేరినాడు. ఇతనికి తిథి కలదు. ఎన్ని రాత్రులుండునో, ఎంత సొమ్మిచ్చునో ముందే నిర్ణయమగును. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక సమావేశమునకై జనము చేరగా హోటళ్లు నిండిపోయినవి. ఇంటి అద్దెకు ఇబ్బంది పడుచున్న బ్రయాన్ చెస్కీ, జో గెబియా అను యువకులిరువురు తమ వాటాలో గాలిపరుపులు మూడు పరచి, ఉదయపు ఫలాహారముతో కూడ బసకిచ్చిరి. నాడు వచ్చిన మువ్వురిలో ఒకడు భారతీయుడు. ఎయిర్‌బీఎన్‌బీ అను సంస్థకు ఇదియే బీజము. గృహస్థులు తమ గదులను, ఇండ్లను కొద్దిదినములకు అద్దెకిచ్చు పద్ధతి పిమ్మట దేశదేశములకు వ్యాపించినది.

వెల పుచ్చుకొనిన చోట ఆతిథ్యమున్నదా?

లేదని త్వరపడి తీర్పు చెప్పరాదు. మిథిలలో మాంసము విక్రయించి జీవించిన ధర్మవ్యాధుడు తపస్వియైన బ్రాహ్మణునకు ధర్మోపదేశము చేసెనని మహాభారతము చెప్పుచున్నది. ఈ కథను స్వామి వివేకానందులు కర్మయోగోపన్యాసములలో ఉదాహరించిరి. బిడ్డలు దూరదేశములకు పోగా ఖాళీపడిన గదిని అద్దెకిచ్చి, ఆ రాబడితో మందులు కొనుక్కొను వృద్ధదంపతులను నిందించుట ధర్మము కాదు. వారు పుచ్చుకొను వెల గదికి, పక్కకు, భోజనమునకు చెల్లును. వెలకు దొరకనిది ఒకటి కలదు: వచ్చినవానిని మనుష్యునిగా ఆదరించు సమదృష్టి. గృహస్థునకు పరీక్ష అచ్చటనే.

అతిథిని గోత్రము, చదువు అడుగరాదని స్మృతికారులు విధించిరి. 2015లో హార్వర్డు పరిశోధకులు అమెరికాలోని ఐదు నగరములలో గృహయజమానులకు ఒకే తీరు వినతులను, పేర్లు మాత్రము మార్చి పంపిరి. నల్లజాతివారివని తోచు పేర్లకు అంగీకారము, తెల్లవారి పేర్లకంటె సుమారు 16 శాతము తక్కువగా లభించెను. ఇచ్చు సొమ్ము సమానమే. పేరు మాత్రమే వేరు. 2016లో ఆ సంస్థ వివక్ష చూపబోమను ప్రతిజ్ఞను యజమానులందరికి విధించినది. నియమము తలుపు తెరిపింపగలదు గాని ఆదరమును పుట్టింపలేదు. కులమతములు విని గది లేదనువారు మన దేశమునను లేకపోలేదు.

రెండవ పరీక్ష కఠోపనిషత్తులో కనబడును. యముడు ఇంట లేని మూడు రాత్రులు నచికేతుడు నిరాహారుడై వేచియుండెను. తిరిగివచ్చిన యముడు తన లోపమునకు వెరచి, రాత్రికొక్కటి చొప్పున మూడు వరములొసగెను. నేడు అంకెల తాళమే అతిథికి స్వాగతమిచ్చు ఇండ్లు అనేకములు. యజమాని ముఖమైనను కానరాదు. అట్టి ఇల్లు ఇల్లు గాక సరకగును. ఊరివారికి కాపురముండ వాటాలు కరవగును. ఈ బాధ వలననే బార్సిలోనా నగరపాలకులు 10,101 పర్యాటక వాటాల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగింతుమని 2024లో ప్రకటించిరి. న్యూయార్కులో 2023 నుండి అమలగుచున్న కట్టడి ప్రకారము, ముప్పది దినములకు తక్కువగా బస ఇచ్చు యజమాని తానును ఆ ఇంటనే ఉండవలెను. మన కేంద్ర పర్యాటకశాఖ హోమ్‌స్టే పథకమును యజమాని కుటుంబము అచ్చట కాపురముండవలెనని కోరుచున్నది. గృహస్థుడున్నప్పుడే గృహమనుట శాసనములకును తోచినది.

కావున గృహస్థుడు న్యాయమైన వెల పుచ్చుకొనుగాక. కాని అద్దెకు వచ్చినవాడు అర్ధరాత్రి జ్వరపడినచో, లేచి వేడినీరు కాచి, వైద్యునికై కబురంపువాడెవడో వానియింట మనుష్యయజ్ఞము జరుగుచునే యున్నది. ఆ రాత్రి చేసిన సేవ అద్దె లెక్కలో చేరదు.