తిరిగొచ్చే గాలి చూసుకో

బాబూ,

సంవత్సరీకం అయిందో లేదో ఫోను చేసి, నాన్న గుర్తుగా తెరచాప పడవ కొంటానన్నావు. సంతోషించాను. ఆ వెంటనే "అమ్మకి మీరే నచ్చజెప్పాలి పెదనాన్నా" అన్నావు. అది మాత్రం నా వల్ల కాదు. ఎందుకు కాదో ఫోనులో తేలదని ఇలా రాస్తున్నాను.

సంవత్సరీకం రోజు భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట, సముద్రమంటే ఆయనకి ప్రాణం అని. నాకది సగమే నచ్చింది. సముద్రం మీద ఇష్టం చిన్నప్పట్నుంచీ ఉంది, పోయేదాకా ఉంది, నిజమే. ప్రాణం మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళేవాడు. ఈ రెండింటినీ ఒకే బతుకులో ఇమడ్చడానికి పడ్డ తంటా మీ పిల్లలకి అంతగా తెలీదు. నాకు కొంత తెలుసు, మీ అమ్మకి బాగా తెలుసు.

వైజాగు స్టీలు ప్లాంటులో గోదావరి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగినప్పుడు మేమిద్దరం కుర్రాళ్ళం. 'ఎ' షిఫ్టు రెండింటికి దిగితే నేను ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి. మీ నాన్న అప్పికొండ తీరం వైపు సైకిలు తొక్కేవాడు. అక్కడి జాలర్లే తన గురువులు. గాలి చదువంతా వాళ్ళ దగ్గరే. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. దాన్ని పట్టుకుని తెప్పలు బయల్దేరేవి. ఎండెక్కి నేల కాలాక అదే గాలి తిరగబడి సముద్రం మీంచి ఒడ్డుకి వస్తుంది. దాంతో ఇంటిముఖం పట్టేవి. ఇంజన్లు రాకముందు మన తీరంలో జాలరి రోజంతా ఈ రెండు గాలుల మీదే నడిచింది. వాళ్ళు తెరచాపలు చుట్టి అటకెక్కిస్తున్న రోజుల్లో ఈ ప్లాంటు బాబు వచ్చి తెరచాప నేర్పమంటే నవ్వుకున్నారు, నేర్పారు.

మీ నాన్న వెళ్ళేది మధ్యాహ్నం పూట కనక పోయేటప్పుడంతా ఎదురుగాలే. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. దాదాపు 45 డిగ్రీలు పక్కకి తిప్పి, కాసేపు ఎడమకీ కాసేపు కుడికీ మళ్ళిస్తూ పోవాలి. మైలు ముందుకి పోవడానికి ఇంచుమించు మైలున్నర తిరగాలి. ఎందుకొచ్చిన అవస్థరా అంటే, "పోయేటప్పుడు ఒంట్లో ఓపికుంటుంది. వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది" అనేవాడు. నువ్వు మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకు. వాలుగాలికి మురిసి లోపలికి పోయినవాడికి ఎంత దూరం వచ్చాడో వెనక్కి తిరిగాకే తెలుస్తుంది. అప్పటికి చేతులు పీకుతుంటాయి, పొద్దు వాలుతుంటుంది.

ఇంటి దగ్గర తన పద్ధతి ఇంకొకటి. వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండరులో, ఆ రోజు గడిలో, తిరిగొచ్చే టైము పెన్సిలుతో రాసి వెళ్ళేవాడు. రాసినదానికి కాస్త ముందే గుమ్మంలో ఉండేవాడు. ఓసారి నేనూ పడవెక్కాను. గాలి బ్రహ్మాండంగా ఉంది, ఇంకాసేపు ఉందామన్నాను. మాట్లాడకుండా చుక్కాని తిప్పేశాడు. సణిగితే, "ఐదు దాటితే ఆవిడ బయటికొచ్చి నిలబడుతుంది" అన్నాడు, అంతే.

అలాగని దేవుణ్ణి చెయ్యకు. ఒక ఏడాది దసరా బోనస్సులో పెద్ద ముక్క తెరచాప గుడ్డకీ తాళ్ళకీ పోసేసి, ఇంట్లో చెప్పలేదు. మీ అమ్మ చాన్నాళ్ళు మాట మానేసింది. నన్ను రాయబారం పంపాడు. మరదల్లాంటి మనిషి, నాకు కాఫీ ఇచ్చి, సంగతెత్తగానే లేచి లోపలికెళ్ళిపోయింది. చివరికి మీ నాన్నే ఎదురుగా కూచుని రూపాయి రూపాయి లెక్క చెప్పాకే నోరు విప్పింది. ఇప్పుడు తెలిసిందా, ఈ ఇంట్లో నా రాయబారాలు ఎందుకు చెల్లవో?

డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నిలబడితే మీ నాన్న చెప్పే కథ నువ్వూ వినే ఉంటావు. మన పోర్టు కట్టే రోజుల్లో నైరుతి అలలూ, ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుకా ముఖద్వారాన్ని బతకనివ్వలేదు. జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని అక్కడే ముంచి అడ్డుకట్టగా నిలిపారు. అలా నిలదొక్కుకున్న ముఖద్వారంలోంచే 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ లోపలికొచ్చింది. "ఎన్ని సముద్రాలు తిరిగాయో గానీ, ఇవి మన ఊరికి పనికొచ్చింది కదలకుండా కూచున్నాకే" అని నవ్వేవాడు. పెళ్ళయ్యాక తన గురించీ అలాగే అనుకున్నాడేమో, నేనడగలేదు.

నువ్వేమో ఫోనులో తారిణి పడవ కథ చెప్పావు. మన వైజాగు అమ్మాయి స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య సహా, వర్తికా జోషి నాయకత్వంలో మొత్తం ఆరుగురు నేవీ ఆఫీసర్లు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆ 55 అడుగుల తెరచాప పడవ మీద భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. గర్వపడాల్సిందే. అయితే దాన్లో నీకు కావలసిన ముక్క వేరే ఉంది. ఇల్లు చేరువవుతుండగా చుక్కాని యంత్రం మొరాయిస్తే, అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేయించుకున్నారు. ఆగినందుకు వాళ్ళ పేరు తగ్గలేదు. బయల్దేరే ముందు మాదేయి అనే ఇంకో తెరచాప పడవ మీద ఎంతో శిక్షణ పొందారు కూడా. నీకు ఇంకా ఈతే సరిగ్గా రాదు.

కాబట్టి వరస ఇది. ముందు అమ్మ దగ్గర నువ్వే కూచో. పడవ ఖరీదు, ఏ రోజుల్లో వెళ్తావు, ఎన్నింటికి వస్తావు, అన్నీ చెప్పు. వద్దంటే ఎందుకంటుందో విను. ఆవిడకి సముద్రం నీకన్నా ఎక్కువ తెలుసు, అన్నేళ్ళు గుమ్మంలోంచి చూసింది. ఈత నేర్చుకో. లైఫ్ జాకెట్ పడవలో పడేసే సామాను కాదు, ఒంటికి వేసుకునేది. ఓడలొచ్చే చానల్‌కి అడ్డం పోకు. అంత పెద్ద ఓడ నీకోసం ఆగాలన్నా ఆగలేదు. నేవీ హద్దుల జోలికి పోకు. కోస్ట్ గార్డు నంబరు 1554, ఫోనులోనూ వంటింటి గోడ మీదా రాసిపెట్టు.

ఇంకొకటి. దసరా వెళ్ళగానే మొదలెడతానన్నావు. వద్దు నాయనా. అక్టోబరు, నవంబరు మన బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న నేరుగా మన ఊరి మీదే పడింది, నువ్వూ చూశావు. సంక్రాంతి దాటనీ. అప్పుడు పడవ బేరానికి నేనూ వస్తాను, అమ్మనీ తీసుకురా.