సంఘ పెద్దలూ, సంఘంలో పెద్దవాళ్ళూ

తెలుగు క్రైస్తవ సంఘాల్లో 'పెద్ద' అనే మాటకు రెండర్థాలు వున్నాయి. వొకటి పదవి. కమిటీలో కూర్చుని జమాఖర్చులు చూసేవాడు సంఘ పెద్ద. రెండోది వయస్సు. వెనుక బెంచీ మీద కూర్చుని, అక్షరం రాకపోయినా పురుషోత్తమ చౌదరి కీర్తనలు నోటికి పాడే అవ్వ కూడా పెద్దే. మొదటివారి మాటకు విలువ వుంది. రెండోవారికి గౌరవం వుంది. విలువా, గౌరవమూ వొకటేనా? కావని నా వాదన. విలువ యివ్వడం యిష్టంలేని చోటనే గౌరవం యెక్కువగా కనిపిస్తుంది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచి చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో వుండిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఆ వీధికి ఆ పేరు వచ్చింది. దుకాణం యేనాడో పోయింది, పేరు నిలిచింది. ఆ చుట్టుపక్కలనే సెయింట్ జార్జి చర్చి వుంది, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథీడ్రల్ వుంది, చాపెల్ రోడ్డులో మెథడిస్టు మిషను 1895లో నెలకొల్పిన స్టాన్లీ బాలికల పాఠశాల వుంది. ఇటువంటి సంస్థల చరిత్ర చెప్పేటప్పుడు బిషప్పుల పేర్లు, దాతల పేర్లు, దొరల పేర్లు, దొరసానుల పేర్లు వరసగా వస్తాయి. ఊడ్చినవారి పేర్లు, వండినవారి పేర్లు, గంట కొట్టినవారి పేర్లు రావు. ఇంటింటికీ నడిచి వెళ్ళి చదువు చెప్పిన బైబిలు స్త్రీలు సైతం వొట్టి సంఖ్యగానే మిగిలిపోయారు.

యీ బెంచీల మీద కూర్చునే వృద్ధుల్లో పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు వున్నారు. వారి వెనుకటి తరాల కథ తెలియాలంటే మెదక్ దాకా పోవాలి. అక్కడి పెద్ద చర్చి కట్టడం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరవులో వున్నవారికి ఊరికే గంజి పోయకుండా కూలిపని కల్పించి పాస్నెట్ దొర ఆ చర్చి కట్టించాడని చెప్పుకుంటారు. దొర పేరు అందరికీ తెలుసు. పదేళ్ళు రాళ్ళు మోసినవారి పేర్లు యెవరికి తెలుసు? అన్నం పెట్టినవాడు దాత అయినాడు. ఆ అన్నానికి బదులు గోపురం నిలబెట్టినవాళ్ళు మాత్రం ధర్మం తిన్నవాళ్ళుగా మిగిలారు. శ్రమను దయగా మార్చి చూపే విద్య యిదే.

నాకు తెలిసిన వొక అవ్వ వుంది. నాంపల్లి ప్రాంతంలోని వొక మిషను వసతిగృహంలో ముప్పయ్యేళ్ళకు పైగా వంట చేసింది. ఆ చేతి అన్నం తిన్న పిల్లల్లో టీచర్లయినవారు, నర్సులయినవారు వున్నారు. ఆమెకు పెన్షను లేదు, పిల్లలు లేరు. నువ్వేం పని చేశావవ్వా అని అడిగితే, "నేనేం జేసిన బిడ్డా, అన్నం వండిన, అంతే" అన్నది. తన శ్రమ శ్రమే కాదని ఆమె చేతనే అనిపించడంలో మన సమాజం నెగ్గింది.

2007లో వయోవృద్ధుల పోషణకు చట్టం వచ్చిన మాట నిజమే. పిల్లలు లేనివారు, తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి పోషణ కోరవచ్చునని ఆ చట్టం చెబుతుంది. మరి ఆస్తే లేని అవ్వకు వారసులెక్కడి నుంచి వస్తారు?

ఇదంతా మతసంస్థల లోపలి గొడవ, మనకెందుకు అని అభ్యుదయవాదులు కొందరు అనవచ్చు. యీ వెనుక బెంచీ సమస్య మతానిది మాత్రమే కాదు. కులానిది, కూలిది కూడా. క్రైస్తవులైన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని సవరించారు గాని, వీరికి సవరించలేదు. పైగా యీ సమస్య క్రైస్తవానికి కొత్తది కాదు. తొలి సంఘంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టిందని అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయం చెబుతుంది. అప్పుడు వారికి సన్మానం చేయలేదు. పంపకం సరిచేయడానికి యేడుగురిని నియమించారు. యీ తేడా మనం గమనించాలి.

పనిచేసే శక్తి ఉడిగినవాణ్ణి పక్కకు నెట్టే సమాజాన్ని సిమోన్ ద బోవా 1970లో వృద్ధాప్యం మీద రాసిన గ్రంథంలో యెండగట్టింది. దీనికి మనవాళ్ళు చెప్పే జవాబు వొకటుంది: వృద్ధులు నడిచే చరిత్రలు, వారి జ్ఞాపకాలు మనకు పెన్నిధి, అందుకే వారికి విలువ అని. ఆ మాట నేనూ తరగతిలో చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు చెప్పలేను.

యెందుకంటే, సంఘం వార్షికోత్సవం నాడు ఆ అవ్వకు శాలువా కప్పారు. ఫొటో తీశారు. ఆమె నా వైపు తిరిగి, "ఇయ్యాల యెవరి లగ్గం బిడ్డా?" అని అడిగింది. ఆమెకు జ్ఞాపకం పోతున్నది. జ్ఞాపకాల కోసమే వృద్ధులకు విలువ అయితే, ఆనాటితో ఆమె విలువ తీరిపోయిందా? చేతుల్లో పని వున్నంతకాలం వంటమనిషిగా, బుర్రలో కథ వున్నంతకాలం చరిత్రగా లెక్కించేవాడికీ, లాభం చూసుకునే షావుకారుకూ తేడా యేమిటి? సరుకు మారింది గాని, బేరం మారలేదు.

కాబట్టి రెండు లెక్కలు విడివిడిగా చూడాలి. చేసిన పనికి రావలసినది బాకీ. అది పెన్షను రూపంలో, వైద్యం రూపంలో, కమిటీలో మాట రూపంలో చెల్లించాలి. శాలువాతో ఆ బాకీ తీరదు. మనిషిగా ఆమెకున్న విలువ యే బాకీకీ సంబంధించినది కాదు. ఆమె యేమీ యివ్వలేని రోజున కూడా అది తగ్గదు. ఆమె మరిచిపోయినదాన్ని ఆమె తరఫున మనం గుర్తుంచుకోవాలి. స్మరణ అంటే అదే.

మన సంఘాలు మాత్రం యేం చేస్తున్నాయి? జెండాలు మోసి, గోడలమీద రాసి, జైళ్ళకు పోయి ముసలివాళ్ళయిన కార్యకర్తలకు మనం కప్పినవీ శాలువాలే. వారు పోయాక సంతాపతీర్మానాలు రాస్తున్నాం. చర్చిని వేలెత్తి చూపే ముందు మన వెనుక బెంచీ మీద యెవరు కూర్చున్నారో తిరిగి చూద్దాం.