పాము పగ - మన బాధ్యత

నేను హేతువాదిని. ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించి జనగామలో కాపురముంటున్నాను. అయినా ఒక సంగతి మిత్రుల దగ్గర దాచి ప్రయోజనం లేదు. నేను 'నాగిని' సీరియల్ అభిమానిని. 2015లో హిందీలో మొదలై, తరువాత తెలుగు మాటలతో మన యిళ్లలోకి వచ్చిన ఆ కథను అప్పుడూ చూశాను. మొన్న మనుమరాలి పక్కన కూర్చుని మొదటి భాగాలు మళ్లీ చూశాను. తల్లిదండ్రులను చంపినవారి యింటికే నాగకన్య కోడలుగా చేరి, ఒక్కొక్కరి లెక్క తేలుస్తుంది. ఒక హంతకుడు కూలినప్పుడు, "అట్లనే కావాలె" అని పైకే అన్నాను. ఆ సమయానికి యింటికి వచ్చివున్న విద్యార్థి మిత్రుడొకడు, "మీరు కూడానా, సార్?" అన్నాడు.

అతని ప్రశ్న చిన్నదేమీ కాదు. లేదని తెలిసినదాన్ని చూసి ఆనందించడం తప్పా? తప్పయితే ఎవరిపట్ల తప్పు?

ఇది ప్రజలను మత్తులో ముంచే సరుకు అని తీర్పు చెప్పి లేచిపోవడం సులభం. కాని ఆ మాట ప్రజలు దీన్ని ఎందుకు చూస్తున్నారో చెప్పదు. మా అమ్మ బాలనాగమ్మ కథను రాత్రంతా మేలుకుని విన్నది. ఆ కథ 1942లో సినిమా కూడా అయింది. మాయల ఫకీరు ప్రాణం చిలుకలో వుందని విని ఆమె వణికింది. కాని తెల్లవారి పొలానికి పోతూ చెట్టుమీది చిలుకను చూసి భయపడలేదు. కథకు ఒక పొలిమేర వుందని ఆమెకు తెలుసు. కాబట్టి అద్భుతాన్ని కల్పించడమే నేరమని నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే మన బమ్మెర పోతన దగ్గర కూడా ఏమీ మిగలదు.

పైగా ఈ సీరియల్లో ఒక న్యాయమైన ఆకలి వుంది. ధనికుడి మేడలో జరిగిన హత్యకు ఆ మేడలోనే శిక్ష పడాలన్న కోరిక మా నేలకు కొత్త కాదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య ఒరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దక్కించినది సంఘం. సీరియల్లో సంఘం వుండవలసిన చోట కోర వుంది. పదిమంది కలిసి చేయవలసిన పనిని పుట్టుకతో శక్తి వచ్చిన ఒక్కతే చేస్తుంది. ఇది కథలోని లోపమే. అయినా న్యాయం కలలో కనిపించిందని కలను శిక్షించలేము.

మరి నా మనస్సు ఎందుకు నిలవదు? దానికి కారణం మానుకోటలో జరిగిన ఒక సంగతి.

2017లో నేను మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. పిల్లలు అలసినప్పుడు ముందురాత్రి 'నాగిని'లో ఏమయిందో చెప్పి నవ్వించేవాణ్ణి. పాము పగ పన్నెండేళ్లని చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. ఆ వానాకాలం ఒక పిల్లవాడి తండ్రిని పత్తిచేలో పాము కరిచింది. అంతకు వారం ముందు ఆయన ఒక పామును చంపివున్నాడు. 'దాని జోడు పగబట్టింది' అన్నారు ఇంటివాళ్లు. పగకు మందు ఆసుపత్రిలో దొరకదు గనుక మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయారు. అక్కడ మూడు గంటలు గడిచాయి. తరువాత ఆటోలో పట్నానికి బయలుదేరారు. దారిలోనే ప్రాణం పోయింది.

పది రోజుల తరువాత ఆ పిల్లవాడు బడికి వచ్చి నన్ను అడిగాడు: "సార్, అది పగబట్టే వచ్చిందా?"

ఆ కుటుంబం నా కథ విని మంత్రగాడి దగ్గరకు పోయిందని నేను అనను. ఆ నమ్మకం నాకన్నా, టెలివిజన్ కన్నా పాతది. కాని ఆ పిల్లవాడికి పామును గూర్చి ఒకే ఒక కథ తెలుసు. రెండవదాన్ని చెప్పవలసిన జీతగాణ్ణి నేను. చెప్పలేదు.

ఆ రెండవ కథ యిది. మనిషిని గుర్తుపెట్టుకుని వెంటాడే శక్తి పాముకు లేదు. ఎలుకల కోసం చేలోకి వస్తుంది. కాలు పడితే కరుస్తుంది. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో అధికులు పల్లెవాళ్లు. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు - ఈ నాలుగింటి విషానికి పనిచేసే మందును గుర్రాల రక్తం నుండి తయారుచేస్తారు. గంటలు గడిచినకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది. కరిచిన పాములలో చాలావాటికి విషం వుండదు. విషమున్నదీ ప్రతిసారీ విషం ఎక్కించదు. అట్లా బ్రతికినవారంతా మంత్రం ఖాతాలోకి పోతారు. మంత్రగాడి పేరు నిలిచేది అందువల్లనే. అతని యిల్లు పక్కవీధిలో వుండి, మందు ముప్పై మైళ్ల దూరంలో వున్నంతకాలం జనాన్ని అజ్ఞానులని తిట్టే అర్హత మనకు లేదు.

భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసే మేనల్లుడితో ఈ మాట అన్నాను. అతడు నవ్వి, "మామా, దిగేముందు మేమూ మైసమ్మకు మొక్కుతం. కాని గ్యాసు చూడకుండ ఎవడూ దిగడు" అన్నాడు.

నా ప్రశ్నకు జవాబు అతని మాటలో దొరికింది. కార్మికుడికి మొక్కు వుంది, పరీక్షా వుంది. ఒకటి రెండవదాని స్థానాన్ని ఆక్రమించలేదు. ప్రాణం మీదికి వచ్చేచోట ఏది ముందో అతనికి అనుభవం నేర్పింది, సంఘం నేర్పింది. పత్తిచేలో ఒంటరిగా వంగే మనిషికి ఎవరు నేర్పారు? కల్పన చూసి ఆనందించడం తప్పు కాదు. వాస్తవం తెలిసినవాడు కల్పననే పంచిపెట్టి, తెలిసినదాన్ని తనవద్దే వుంచుకోవడం తప్పు. ఆ తప్పు నేను చేసింది ఆ పిల్లవాడిపట్ల.

విద్యార్థి మిత్రుడికి నా సమాధానం యింతే. 'నాగిని'ని నేను యిక ముందు కూడా చూస్తాను, మనుమరాలూ చూస్తుంది. కాని భాగం అయిపోయాక ఆమెకు రెండవ కథ కూడా చెబుతున్నాను. బడులలో పనిచేసే మిత్రులు వానాకాలానికి ముందే ఆ పాఠం చెప్పాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందూ, దాన్ని ఎక్కించే మనిషీ వుండాలని మనమంతా కలిసి అడగాలి.

"లేదు బిడ్డా, అది పగబట్టి రాలేదు" అని ఆ పిల్లవాడికి ఆనాడు చెప్పాను. చెప్పవలసిన సమయానికి మాత్రం చెప్పలేదు.